కళ్లెం సంగతి అక్కకే చెప్పాడు

బాపు తన పిల్లలిద్దరికీ అరబ్బీ మాటల మూలాలు నేర్పుతానంటే అక్క బుద్ధిగా నేర్చుకుందనీ, నాకు ఒకచోట కూర్చునే ఓపిక లేకపోయిందనీ మా ఇంట్లో అందరూ చెప్తారు. అబద్ధం. అక్కకంటే ముందే వచ్చి కూర్చున్నది నేను.

బాపు మహబూబాబాద్‌లో దస్తావేజులు రాసేవాడు. నిజాం కాలపు ఉర్దూ కాగితాలు చదవగలడని గార్ల నుంచి కూడా రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. పొద్దున చాయ్ తాగుతూ మా ఇద్దరి ముందు మూడక్షరాలు పడేసేవాడు. వాటిలోంచి పుట్టిన మాటలు మేం తేవాలి. గెలిచినవాళ్లకు తన సాసర్‌లో చాయ్ పోసిచ్చేవాడు. మమ్మల్ని కన్న అవ్వకు కూడా దక్కని మర్యాద అది.

ఒకరోజు హ, క, మ ఇచ్చాడు. హుకుం, హుకుమత్, హాకిం అని నేను గబగబా చెప్పేశాను. అక్క చాలాసేపు ఆలోచించి ఒక్క మాట తెచ్చింది, హకీం అని. నేనొప్పుకోలేదు. ఆజ్ఞ, ప్రభుత్వం, పాలించేవాడు, ఇవన్నీ ఒక ఇంటివి. మందిచ్చేవాడు వీళ్లకేం చుట్టం?

"నాడి చూసెటోనికి హుకుంతోని ఏం పని బాపూ?" అన్నాను.

బాపు నవ్వి చాయ్ అక్కకు పోశాడు. నేను లేచి బయటికి పోయాను.

మొన్న ఎండాకాలం జనగామ నుంచి భూపాలపల్లిలో అక్కవాళ్లింటికి వెళ్లాను. బావది బొగ్గుబావిలో ఉద్యోగం. బాపు ఇప్పుడు వాళ్ల క్వార్టర్‌లోనే ఉంటాడు. అదీ నాకు మంటే. అక్క తన కోడలికి చెప్తోంది: ఆ మాటలన్నిటి వెనక పాత అరబ్బీలో గుర్రం నోటి కళ్లెం ఉందట. పట్టి ఆపేది. తప్పును ఆపేవాడు హాకిం, తెలివితో తనను తాను ఆపుకునేవాడు హకీం. వైద్యుడికి ఆ పేరు తర్వాత వచ్చిందట. కోడలు పని మానేసి వింటోంది.

"నీకెప్పుడు చెప్పిండక్కా?"

"గా రోజే. నువ్వు అలిగి పోయినవ్ గదా," అంది, పప్పుగిన్నె దించుతూ.

మళ్లీ ఇంట్లోకి వచ్చాను కదా, అదే రోజు, అన్నానికి. అప్పుడైనా చెప్పొచ్చు. బాపు మంచం దగ్గరికి వెళ్లి నిలదీశాను.

"నువ్వెన్నడడిగినవ్ బిడ్డా? కొట్లాడినవ్," అన్నాడు.

అక్క ముసిముసిగా నవ్వింది. హకీంకూ హుకుంకూ ఏం చుట్టరికమని ఆ పొద్దున నేను కాక ఇంకెవరు అడిగారు? గొంతు పెంచి అడిగితే అది అడగడం కాకుండా పోతుందా?