మే నెలలో భిక్షానికి చలి

భిక్షానికి చలి ఎక్కువ. చలికాలంలో అందరికీ ఉండే చలి సంగతి కాదు నేను చెబుతున్నది. రోహిణి కార్తెలో, మేడ్చల్ బస్టాండులో కుక్కలు కూడా బస్సుల కింద నీడ వెతుక్కునే వేళ, ఆయన మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని, స్వెటర్ మీద స్వెటర్ తొడిగి, చేతులు కట్టుకుని రావల్‌కోల్ బస్సు కోసం నిలబడేవాడు. చూసేవాళ్లకు చెమటలు పట్టేవి.

"ఏం పెద్దమనిషీ, జరమొచ్చిందా?" అనేవాడు కండక్టరు రోజూ.

"జరం గాదు. సలి," అనేవాడు భిక్షం రోజూ.

రావల్‌కోల్ దారిలో జానకిరామయ్య గారి ఫ్యాక్టరీ ఉంది. బెండకాయ ముక్కలు, గోరుచిక్కుడు, సీతాఫలం గుజ్జు అక్కడ రాళ్లలా గడ్డకట్టి, అట్టపెట్టెల్లోకి చేరి, చల్లటి కంటైనరెక్కి ముంబై రేవుకు పోతాయి. అక్కడి నుంచి ఓడలో లండన్‌కు. భిక్షం లోడింగ్ సూపర్‌వైజరు. పెట్టెలు ఉండే గదిలో మైనస్ పద్దెనిమిది. కాబట్టి గది లోపల చలి అంటే ఎవరూ కాదనరు. గది బయట ఈయనకు చలేమిటన్నదే అందరి అనుమానం.

శామీర్‌పేటలో మేనల్లుడి పెళ్లికి డ్యూటీ నుంచి నేరుగా వెళ్లాడు. ఫంక్షన్ హాల్లో కూలర్లు చాలక జనం కార్డులతో విసురుకుంటున్నారు. ఫొటోగ్రాఫర్ బతిమాలాడు. "కాకా, గా టోపీ ఒక్కటి తియ్యరాదే. ఫొటో కరాబైతాంది."

"సలి పెడ్తాంది బిడ్డా."

ఇప్పటికీ ఆ ఆల్బమ్‌లో పట్టుచీరల నడుమ దోపిడీకి వచ్చినవాడిలా రెండు కళ్లు మాత్రం కనిపిస్తాయి. ఆ హాల్లోనే ఉన్న ఓ ఆర్‌ఎంపీ డాక్టరు భోజనం మధ్యలో లేచి వచ్చి ఆయన నాడి పట్టుకుని చూశాడట. నాడి భేషుగ్గా ఉంది.

ఇది చాలదన్నట్టు, తానుండే కౌకూర్‌లో రిటైరైన మిలిటరీ వాళ్ల గేట్లు తట్టి, "పాత స్వెటర్ ఏమన్న ఉంటె ఇయ్యిండ్రి సార్, సలికి తట్టుకోలేకపోతున్న," అని అడిగి తెచ్చుకునేవాడు. భార్య దుర్గాబాయి మాత్రం నెత్తి కొట్టుకునేది. "బయట గీ యేషం. ఇంట్ల సూడాలె, బనీను గూడ ఇప్పేసి ఫ్యాన్ కింద పంటడు. గీయన సలి నాకైతె సమజ్ గాదు." ఆవిడ మాట అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోవలసిన మనిషి స్రవంతి. ఆ వేసవిలోనే క్వాలిటీ ఇన్‌చార్జిగా చేరింది. నిబంధన అంటే నిబంధనే ఆమెకు. చేరిన వారానికే భిక్షం ఒంట్లో ఒక వింత కనిపెట్టింది. పొద్దున గుమ్మడికాయలా లోపలికి పోయినవాడు మధ్యాహ్నం ములక్కాడలా బయటికొచ్చి అన్నం తింటాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మళ్లీ గుమ్మడికాయ. పొద్దున లావు స్వెటర్లదేనని ఆమె సరిపెట్టుకుంది. సాయంత్రం లావులో మాత్రం సీతాఫలం గుజ్జు ప్యాకెట్లు కనిపించాయి ఆమె ఊహకు.

ఒక సాయంత్రం గేటు దగ్గర ఆపేసింది. "విప్పండి."

భిక్షం విప్పాడు. బ్రౌనుది వచ్చింది. ఆకుపచ్చ మిలిటరీది వచ్చింది. చారలది వచ్చింది. అట్టడుగున గులాబీ పూలు అల్లిన లేత రంగుది వచ్చింది. ప్యాకెట్ ఒక్కటీ రాలేదు. కాపలా ఉన్న బాలేష్ నవ్వాపుకోలేక ఆకాశంలోకి చూశాడు.

"ఇది ఆడవాళ్ల స్వెటర్ కదా?"

"సలికి ఆడ, మగ ఉంటదా మేడమ్?"

"మరి మధ్యాహ్నం ఏమైంది మీ చలి?"

"అన్నం తినంగ ఒళ్లు ఎచ్చగుంటది," అన్నాడు భిక్షం గంభీరంగా, పూలది మళ్లీ తొడుక్కుంటూ. స్రవంతి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అసలు గొడవ కంటైనర్ రోజున వచ్చింది. కొనేవాళ్ల తరఫున ఒకాయన లోడింగ్ చూడటానికి వస్తున్నాడు. జానకిరామయ్య గారు పొద్దున్నే ఆఫీసు వాళ్లందరినీ పిలిచి చెప్పారు. "పొద్దు గూకేలోగా బండి కదలకపోతే ఓడ అందదు. ఓడ అందకపోతే లండన్ వాళ్లు మళ్లీ మన మొహం చూడరు. ఆపైన ఈ ఫ్యాక్టరీకి తాళం వేసుకోవడమే."

స్రవంతి తిన్నగా గేటు దగ్గరికి పోయి నిలబడింది. బెండకాయ ముక్కల్లో ఊలు దారం ఒక్కటి కనిపించినా సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. భిక్షం స్వెటర్లన్నీ విప్పించి, తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

"మేడమ్, కావాల్నంటె టోపీ ఉంచుకోండ్రి. స్వెటర్లు ఇయ్యిండ్రి."

"మీకు కంపెనీ జాకెట్ ఉంది కదా?"

"ఉంది. అయినా సలే."

"ఇవాళ ఒక్కరోజు ఓర్చుకోండి," అంది స్రవంతి. భిక్షం మొహం పాలిపోయింది. ఇంత చిన్నదానికి అంత దిగులేమిటో ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం దాటినా కంటైనర్ సగం కూడా నిండలేదు. పెట్టెలు అందించే ఆడవాళ్లు మాటిమాటికీ బయటికి వచ్చి, మండే ఎండలో చేతులు చాపి నిలబడి, మళ్లీ లోపలికి పోతున్నారు. జానకిరామయ్య గారు వాచీ చూసుకోవడం, అతిథికి మజ్జిగ పోయించడం తప్ప మరో పని చేయడం లేదు. ఇక ఆగలేక స్రవంతి పల్చటి తెల్లకోటు వేసుకుని గదిలోకి వెళ్లింది.

లోపల భిక్షం ఉత్త చొక్కా మీద తెల్లకోటుతో పెట్టెలు నెడుతున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఆయన కంపెనీ జాకెట్ పెట్టెలు అందించే బాలమణి ఒంటి మీద ఉంది. పక్కనే జమీలా చేతులు చంకల్లో దోపుకుని వణుకుతోంది.

"మేడమ్, మా స్వెటర్లేమైనయి?" అంది జమీలా.

"మీ స్వెటర్లా?"

"పూలది నాదే. చారలది బాలమణిది. కంపెనీ జాకెట్లు పర్మనెంటోళ్లకే ఇస్తరు, మేం రోజుకూలోళ్లం. మేం ఇంటి నుంచి తెచ్చుకుంటె గేటు కాడనే పెట్టుమంటరు. సూపర్‌వైజర్ ఒంటి మీదియి ఎవ్వలు ఇప్పుతరని భిక్షం భాయ్ అన్నీ తొడుక్కొని తెస్తడు. పొద్దుమీకి మళ్ల తొడుక్కొని తీస్కపోతడు."

ఎవరూ విప్పించనివి విప్పించింది తనే. మైనస్ పద్దెనిమిదిలో స్రవంతి చెవులు వేడెక్కాయి. నిజంగా సిగ్గుపడింది.

"ఈ మాట నాతో చెప్పొచ్చు కదా భిక్షం గారూ?"

"ఆడోళ్లు సలి అంటె కంట్రాక్టరు ఇంకొకల్లను తెస్తడు మేడమ్. నేను సలి అంటె నవ్వుతరు. నవ్వితె నాకేం పోతది?" అంటూ ఇంకో పెట్టె నెట్టాడు. "జల్దీ తెండ్రి. ఓడ మన కోసం ఆగదు."

స్రవంతి బీరువా దగ్గరికి పరుగెత్తింది. స్వెటర్లు తెచ్చి, వాటి మీద తెల్లకోట్లు వేయించి, ఒక్క దారం బయటికి రాకుండా మెడ దాకా తానే గుండీలు పెట్టింది. ఆ తర్వాత పెట్టెలు చకచకా కదిలాయి.

వచ్చినాయన గాజు తలుపు లోంచి చూసి ముచ్చటపడ్డాడు. "మీ పనివాళ్లంతా భలే బొద్దుగా ఉన్నారే!"

"మా దగ్గర తిండికి లోటు లేదండి," అన్నారు జానకిరామయ్య గారు, ఏమీ తెలియని గర్వంతో. పొద్దు గూకకముందే బండి కదిలింది.

మర్నాడు స్రవంతి జానకిరామయ్య గారి ముందు నిలబడి అందరికీ జాకెట్లు కావాలంది. ఆయన విన్నారు, తల గోక్కున్నారు. లండన్ డబ్బు రాగానే తెప్పిస్తానని మాట ఇచ్చారు. ఆ డబ్బు ఓడ చేరాక గానీ రాదు. ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది. ఈలోగా పనిలోకి కొత్తగా ఇద్దరు ఆడవాళ్లు చేరారు. భిక్షం ఒంటి మీద చూస్తే ఇంకో స్వెటర్‌కు చోటు లేదు. ఉన్నవాటికే చేతులు కిందికి దిగడం మానేశాయి.

ఆ సోమవారం మేడ్చల్ బస్టాండులో, తారు మెత్తబడే ఎండలో, రావల్‌కోల్ బస్సులోకి ఒకామె ఎక్కింది. పంజాబీ డ్రెస్సు మీద ముదురు నీలం స్వెటర్, దాని మీద మోకాళ్ల దాకా వచ్చే మిలిటరీ స్వెటర్. బస్సంతా విసురుకోవడం ఆపి చూసింది.

"ఏం మేడమ్, జరమొచ్చిందా?" అన్నాడు కండక్టరు.

వెనక సీట్లో భిక్షం మంకీ క్యాపును మూతి మీదికి లాక్కున్నాడు. నవ్వు కనబడకుండా ఉండటానికి ఆ క్యాపు మొదటిసారి పనికొచ్చింది.

స్రవంతి ముక్కు మీద చెమట తుడుచుకుని టికెట్ తీసుకుంది.

"జరం గాదు," అంది. "సలి."