ఆవకాయకి సంతాప ప్రార్థన

ఎవరేం చెప్పబోయినా 'నాకు తెలుసు' అనేస్తాను. పాపం, వాళ్ల నోటికి శ్రమ ఎందుకని! ఈ మంచితనం వల్లే మొన్న అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా ఇంట్లో, నిక్షేపంగా బతికున్న జీవికి సంతాప ప్రార్థన జరిగింది.

ఆ జీవి పేరు ఆవకాయ. మా చర్చిలో జాషువా గారి అమ్మాయి గ్రేస్ పెంచుకునే సాలీడు. ఎక్కడో వేడి సముద్రాల మధ్య దీవుల్లో పుట్టే జాతిదట. గూడల్లి కాచుకునే రకం కాదు, పిల్లిలా దూకి ఈగల్ని పట్టేస్తుంది. వాళ్లు ఫ్లోరిడా ట్రిప్‌కి వెళ్తూ దాన్ని గాజు డబ్బాతో సహా నాకు అప్పజెప్పారు. గ్రేస్ ఇంకెవరినీ నమ్మలేదు మరి.

"అంకుల్, అది తెల్లగా బెడ్ చేసుకుని లోపల పడుకుంటే, ఏం అవుతుందంటే..."

"తెలుసమ్మా," అన్నాను.

శుక్రవారం ఆఫీస్ నుంచి వచ్చి చూస్తే, డబ్బా పై మూలన తెల్లటి బెడ్ ఉంది, అడుగున ఆవకాయ కాళ్లు ముడుచుకుని, ఎండిపోయి పడుంది. తిండికి నేనేం లోటు చేయలేదు. ఈగలతో పాటు పప్పన్నం మెతుకు కూడా పెట్టాను.

"అన్నం పెట్టి చంపారండీ," అంది మా ఆవిడ స్వరూప.

జాషువా గారికి ఫోన్ చేస్తే వెనక గ్రేస్ ఏడుపు వినబడింది. ఇక ఆ పిల్ల నా మొహం చూస్తుందా? కనీసం మర్యాదగా సాగనంపాడన్న పేరైనా మిగలాలి. ఆ సాయంత్రం మా ఇంట్లోనే ప్రేయర్ మీటింగ్. సాలీళ్లకి ప్రార్థన చేయడం తనకి అలవాటు లేదన్నారు పాస్టర్ గారు. పిల్ల కోసమని బతిమాలితే ఒప్పుకున్నారు. డబ్బా మూత తీసి, శవాన్ని జాగ్రత్తగా కమ్మల పెట్టెలో దూది మీద పడుకోబెట్టాను. మూత మళ్లీ పెట్టలేదు. ఖాళీ డబ్బాకి మూతెందుకు? ఈలోపు, విషయం సగమే విన్న ఓ ఆంటీ, చావింట్లో పొయ్యి వెలిగించకూడదని సాంబారు గిన్నెతో దిగారు.

వీడియో కాల్‌లో గ్రేస్. అందరం కళ్లు మూసుకున్నాం. పాస్టర్ గారు మొదలుపెట్టారు.

"అంకుల్," అంది ఫోన్‌లోంచి గ్రేస్, మెల్లగా. "మీ కాలర్ మీద ఆవకాయ ఉంది."

ఆ గదిలో కళ్లు తెరిచి ఉన్నది ఆవకాయ ఒక్కటే. దానికి ఎనిమిది కళ్లు, ఒక్కదానికీ రెప్ప లేదు.

తర్వాత దూకింది అది కాదు, నేను. నా చేతిలోని కమ్మల పెట్టె వెళ్లి సాంబారులో పడింది. స్వరూప నింపాదిగా అరచెయ్యి చాపి, ఆవకాయని ఎక్కించుకుని డబ్బాలో దింపింది.

"బాక్స్‌లో ఉంది పాత స్కిన్ అంకుల్," అంది గ్రేస్. "బెడ్‌లో పడుకుని అది మారుస్తుంది. నెక్స్ట్ టైమ్ స్వరూప ఆంటీకి ఇస్తాను."

పాస్టర్ గారు గొంతు సవరించుకుని, ప్రార్థనని కృతజ్ఞతాస్తుతిలోకి మళ్లించారు. సాంబారు మాత్రం ఎవరూ ముట్టలేదు.

సాలీడు చచ్చిందో, చర్మం మార్చుకుందో చూసి చెప్పడం నాకు ఇప్పటికీ రాదు.