శామీర్‌పేట చేపలు, కరెంటు బండి

బండి అంటే పెట్రోలు తాగేది, పొగ వదిలేది అని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని కాలం అది. మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఒక్కొక్కటిగా పందిళ్లు విప్పేసి, రంగురంగుల జెండాలు పాతుకుని వెంచర్లుగా మారుతున్నాయి. నేను అప్పుడు ఒక దినపత్రికకు మండల విలేకరిని. (జీతం సంగతి అడక్కండి. చుట్టాలంతా ‘పేపరాయన’ అని పిలవడమే ఆ ఉద్యోగంలో చెప్పుకోదగ్గ రాబడి.) తిండీ నిద్రా మా మేనమామ ఇంట్లో. దేశంలో జరిగే పెద్ద వాదనలన్నీ ముందు మా మామ ఇంటి వాకిట్లోనే మొదలవుతాయని నాకు గట్టి నమ్మకం ఉండేది. రెండువేల ఏడో ఎనిమిదో సంవత్సరంలో, కరెంటు బండి మంచిదా పెట్రోలు బండి మంచిదా అన్న వాదన మాత్రం నిజంగా అక్కడే మొదలైంది.

మామ నగరంలో ఎక్కడో చూసి వచ్చి, ఎవరినీ అడక్కుండా, చిలకాకుపచ్చ రంగు కరెంటు స్కూటర్ ఒకటి కొన్నాడు. అంతటితో ఆగితే ఇంత కథ లేదు. ఆ బండ్ల ఏజెన్సీ తీసుకుని మేడ్చల్‌లో దుకాణం పెడతానన్నాడు. దుకాణానికి డిపాజిట్ కావాలి. డిపాజిట్ కోసం రోడ్డు పక్కనున్న జాగ అమ్మాలి. ఆ జాగ మా అత్తకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. ఆమె సంతకం లేనిదే కదలదు. ఆమె తమ్ముడేమో ప్లాట్ల వ్యాపారి, మేమంతా ‘వెంచర్ కాక’ అని పిలిచే మనిషి. మోటర్‌సైకిల్ దిగకుండానే నాలుగు ఊళ్ల భూముల ధరలు చెప్పగలడు. అక్క జాగ కరెంటు పాలవుతుందని తెలిసిన రోజు నుంచీ ఆయన ప్రతి సాయంత్రం మా వాకిట్లో హాజరు.

“పెట్రోలు రేటు సూసినవా బామ్మర్దీ? మొన్ననే పెరిగె, మల్ల పెరుగుతాంది. గీ బండికి వైరు పెట్టి పండుకుంటె అయిపాయె. నెలంతా తిరిగినా రెండు సినిమా టికెట్లంత గాదు,” అనేవాడు మామ.

“బ్యాటరీలు పోతెనో? అవి మార్చే పైసలకు నేను ఇంకో పాత మోటర్‌సైకిల్ కొంట బావా.”

“నీ ఇంజిన్ ఆయిలు, నీ చైను, నీ క్లచ్ వైరు, గవన్ని ఎవడు కడతడు? మెకానిక్ నీ చుట్టమా?”

“చుట్టం కాకున్నా దొరుకుతడు గద. నీ మెకానిక్ సికింద్రాబాద్ల ఉన్నడు. ఆడి దాంక పోనీకె నీ ఛార్జింగ్ సాలదు. దినాం కోతలుండె ఊర్లె కరెంటు బండ్లు అమ్ముతడట.”

నేను మధ్యలో కూర్చుని, ఇద్దరి మాటలకూ తలూపుతూ ఉండేవాణ్ణి. ఇరుపక్షాల వాదనా వినాలని కొత్తగా నేర్చుకున్న రోజులు కదా, ఇంట్లో కూడా అదే పద్ధతి. దానివల్ల ఇద్దరూ నన్ను తమ మనిషే అనుకునేవారు.

ఒక సాయంత్రం అత్త లోపలి నుంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, ఇద్దరినీ ఆపింది. “రేపు మిరుగం. శామీర్‌పేట చెర్వు కాడికి పోయి కొర్రమట్ట చేపలు తేండ్రి. పాణంతోని తేవాలె. పన్నెండు గొట్టె వరకు నా పొయ్యి మీద ఉండాలె. గీ బండి మీదనే పోవాలె. పోయి, దానంతట అదే మర్లి ఇంటికొస్తె కాయిదాల మీద సంతకం పెడత. రాకుంటె, ఆ జాగ ముచ్చట మల్ల నా తాన తీయొద్దు.”

 మృగశిర కార్తె ప్రవేశించిన రోజు చేపలు తినడం మా వైపు అందరికీ ఉన్న ఆనవాయితీ. ఆ రోజు చెరువు దగ్గర జనం ఎలా ఉంటారో తెలిసినవాడెవడూ పన్నెండింటి గడువుకు ఒప్పుకోడు. మామ ఒప్పుకున్నాడు. సాక్షిగా నేను వెనక సీటు మీద కూర్చోవాలని తీర్మానమైంది. (అల్లుడు పేపరాయన కాబట్టి అబద్ధం చెప్పడని అత్త అన్నది. ఆ మాట మా ఎడిటర్ వింటే బాగుండేది.) కాక తన మోటర్‌సైకిల్ మీద వెనకాలే వస్తాడు.

మామ కిటికీలోంచి వైరు లాగి బండికి పెట్టి పడుకున్నాడు. తెల్లవారుజామున లేచి చూస్తే కరెంటు లేదు. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. హ్యాండిల్ మధ్యలో ఒక చిన్న గాజు కన్ను, దానిలో ముల్లు, కింద మూడు రంగులు. ముల్లు ఆకుపచ్చకూ పసుపుకూ మధ్యన నిలబడి ఉంది. “సగం కంటె మస్తు ఎక్కువున్నది,” అన్నాడు మామ, ముల్లు వైపు చూడకుండా.

వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉంది. మబ్బు పట్టి ఉంది, గాలి చల్లగా ఉంది. మామ వెనక్కి తిరిగి తిరిగి ఈ బండికి చప్పుడు లేకపోవడం గురించి చెబుతున్నాడు. వెనకాల కాక మా వేగానికి తగ్గట్టు నడపలేక, “మొదటి గేర్ల నడిపి నడిపి నా ఇంజిన్ మాడిపోతాంది, జల్దీ నడువు బావా,” అని అరుస్తున్నాడు. మామకు అదొక బిరుదులా వినిపించింది. నాకు మాత్రం మామ భుజం మీదుగా ముల్లు కనిపిస్తూనే ఉంది. అది పసుపు మధ్యకు వచ్చింది. మేమింకా శామీర్‌పేట చేరలేదు.

చెరువు కట్ట మీద కాలు పెట్టే సందు లేదు. చేపలు పట్టినవాళ్లు పట్టినట్టే గంపల్లో పోస్తుంటే, జనం మీద పడి ఎత్తుకుపోతున్నారు. కొర్రమట్టలు దొరకడానికే చాలాసేపు పట్టింది. ప్రాణంతో తేవాలన్నది షరతు కాబట్టి, తెచ్చుకున్న ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోయించి చేపలు వేయించాం. చేపలమ్మే ఆమె బకెట్‌నూ, బండినీ, మా ఇద్దరి పొట్టలనూ వరుసగా చూసి, “గీ పిల్ల బండి గింత బరువు మోస్తదా అన్నా?” అని అడిగింది. మామ బకెట్‌ను కాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

తిరుగు ప్రయాణం మొదలైంది. మబ్బు విడిపోయి ఎండ కాసింది. బండి గుంతలో పడ్డప్పుడల్లా బకెట్లో చేపలు ఎగిరి నీళ్లు చిమ్ముతున్నాయి. “బావా, నీళ్లు బ్యాటరీ మీద పడితె ముగ్గురూ పోతరు, మీరిద్దరు, బండి,” అని కాక పక్కకొచ్చి ధైర్యం చెప్పి వెళ్లాడు. నేను రెండు కాళ్లూ గాలిలోకి ఎత్తి కూర్చున్నాను. (చెక్క మీద నిలబడితే షాక్ కొట్టదని బళ్లో చదివిన పాఠానికి అది నా సొంత సవరణ.) ముల్లు ఎరుపు అంచున వణుకుతోంది. ఎత్తు వస్తే ఎరుపులోకి పోతుంది, పల్లం వస్తే బయటికి వస్తుంది. దాంతోపాటే మామ వీపు బిగుసుకుంటుంది, సడలుతుంది. ఆ వీపు మీద నేను ఒక దుకాణం తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూ వచ్చాను.

ద్రాక్షతోట పక్కన చడావు ఎక్కుతూ బండి ఆగింది. ఏ గోలా లేకుండా, నడిచి నడిచి అలసిన మనిషి గట్టు మీద కూర్చున్నట్టు ఆగింది. మామ దిగాడు. నన్ను దిగమన్నాడు. బకెట్ నా చేతిలో పెట్టాడు. తర్వాత ఆయన చేసిన పనికి కాక బండి మీదే కొయ్యబారిపోయాడు. మామ ముప్పయ్యేళ్లు నడిపింది గేర్ల స్కూటర్. పెట్రోలు అడుగంటి ఆ స్కూటర్ ఆగినప్పుడు దాన్ని ఒక పక్కకు ఒరగబెట్టి, ట్యాంకు మూలన ఉన్న చివరి గుక్క కిందికి దిగేదాకా ఓపిక పట్టి, మళ్లీ నిలబెట్టడం ఆ కాలపు స్కూటర్ మనుషులందరికీ వచ్చిన విద్య. మామ ఈ బండిని కూడా అంతే గౌరవంగా ఒరగబెట్టి, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

“బావా,” అన్నాడు కాక నెమ్మదిగా, పిచ్చివాళ్లతో మాట్లాడే గొంతుతో. “పెట్రోలే లేని బండిని వంచితె ఏం దిగుతది?”

“కరెంటు దిగుతది,” అన్నాడు మామ.

బండిని నిలబెట్టి, ఎక్కి, హ్యాండిల్ పిడి తిప్పాడు. బండి కదిలింది. ఆ క్షణంలో మా ముగ్గురి ముఖాలూ ఎలా ఉండి ఉంటాయో నాకిప్పటికీ చూడాలని ఉంటుంది. కాసేపు విశ్రాంతి ఇస్తే బ్యాటరీ కొంచెం తేరుకుంటుందని, ఒరగబెట్టడానికీ దానికీ సంబంధం లేదని చాలా ఏళ్లకు ఎవరో చెబితే తెలిసింది.  ఆ రోజు మాత్రం నేను మనసులో అప్పుడే వార్త రాసేసుకుంటున్నాను.

మళ్లీ ఆగింది. మళ్లీ ఒరగబెట్టాడు. ఈసారి కొంచెమే కదిలింది. ఆ తర్వాత ఎంతసేపు ఒరగబెట్టినా కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. బకెట్లో ఒక చేప వెల్లకిలా తిరిగింది. మామ దాన్ని వేలితో పొడిచాడు. అది మళ్లీ బోర్లా తిరిగింది. నేను ఊపిరి తీసుకున్నాను. మామ చెమట తుడుచుకోవడం మరిచిపోయి, రోడ్డు ఎంతుందో చూస్తున్నాడు.

“ఎక్కు బావా,” అన్నాడు కాక. “పరేషాన్ గాకు. కాలు పెడత.”

ఆగిన బండిని వెనక బండి మీదున్నవాడు కాలితో తోసుకుపోవడం మన రోడ్ల మీద రోజూ చూసేదే. ఆగిన బండి సైలెన్సర్ గొట్టం మీద పాదం ఆనించి నెడతారు. కాక ఎప్పటిలాగే పక్కకొచ్చి, కాలు చాచి, గాలిలో వెతికాడు. మా బండికి సైలెన్సరే లేదు. “గిదేం బండి బావా, తొయ్యనీకె కూడ జాగ లేదు,” అని తిట్టుకుంటూ, నా కాలు ఉన్న ఇనప పట్టీ మీద పాదం పెట్టాడు. దారంతా ఆయన బూటు, నా చీలమండ ఒకే చోటు కోసం పోట్లాడుకుంటూ వచ్చాయి. పెట్రోలు కరెంటును నెడుతోంది, మధ్యలో పత్రికారంగం నలుగుతోంది.

మా వీధి మలుపు దగ్గర మామ చెయ్యెత్తి ఆపమన్నాడు. దిగాడు. తర్వాత కాక వైపు చూడకుండా, “ఈడికెంచి అది పోతదేమో సూస్త,” అన్నాడు. కాక తల గోక్కున్నాడు. “పో బావా. నేను సప్పుడు జేయ. అక్క అడిగినా జెప్ప,” అన్నాడు. జాగ పోకూడదని నెల రోజులుగా గొంతు చించుకున్న మనిషి ఎందుకలా అన్నాడో నేనప్పుడు అడగలేదు. చెమటతో తడిసిన బావ వీపును దారి పొడుగునా నాతోపాటు ఆయనా చూశాడు, అంతే అనుకుంటాను.

బండి నిజంగానే ఆ చివరి కొసను తనంతట తానే దాటి వాకిట్లో నిలిచింది. అత్త గడపలో ఉంది. బకెట్‌లోకి తొంగి చూసింది, చేపలు కదులుతున్నాయి. గోడ గడియారం వైపు చూసింది, పన్నెండు కాలేదు. “దానంతట అదే వచ్చిందా?” అని అడిగింది. మామను కాదు, నన్ను.  కాక తన హ్యాండిల్‌కు పట్టిన దుమ్ము దులుపుతున్నాడు. నేను “అంటే అత్తా, ఇప్పుడైతే...” అని మొదలుపెట్టాను. (ఏ వైపూ మొగ్గకుండా వాక్యం మొదలుపెట్టడం అప్పటికే బాగా వచ్చు. ముగించడమే ఇంకా రాలేదు.)

“లేదు,” అన్నాడు మామ. “నీ తమ్ముడు కాలు పెట్టి తోసుకొచ్చిండు. లేకుంటె తొవ్వలనే ఉందుము.”

అత్త ఆయనను కొంచెంసేపు చూసింది. “కాళ్లు కడుక్కోండ్రి,” అని బకెట్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. దుకాణం అక్కడితో అయిపోయిందని అందరికీ తెలుసు.

భోజనాల దగ్గర పులుసు వడ్డిస్తూ ఆమె మామను అడగడం మొదలుపెట్టింది. “గా బండి మార్కెట్ దాంక పోయొస్తె ఆగుతదా?”

“ఆగదు.”

“పాల కేంద్రం?”

“గాడికేమాగుతది.”

“సంఘం మీటింగుకు పోయి, అటెన్క బ్యాంకుకు పోయొస్తె?”

“సక్కగ కరెంటెక్కితె ఆగదు.”

“దానికి లైసెన్సు గావాల్నా?”

“వద్దు.”

“తాళం ఇటియ్యి మరి.”

మామ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. కాక ముల్లు మింగినట్టు దగ్గాడు. అత్త ఎడమ చెయ్యి చాచి అలాగే నిలబడింది, మామ జేబులోంచి తాళం తీసి ఇచ్చేదాకా.

నెల తిరక్కుండా ఆమె ఆ బండి మీద మేడ్చల్ అంతా తిరిగింది. మామ పాత స్కూటర్ దుమ్ము దులుపుకున్నాడు. అలాంటి బండ్ల దుకాణాలు కొన్నేళ్లకు మా వైపు మూతపడటం చూశాను. మామ దానికి సంతోషించాడో బాధపడ్డాడో ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. నేను మాత్రం వెంటనే ‘కరెంటు బండా, పెట్రోలు బండా’ అని జిల్లా పేజీకి ఒక కథనం రాసి పంపాను. పది మంది మగవాళ్ల అభిప్రాయాలు, ధరలు, లాభనష్టాలు, అన్నీ ఉన్నాయి. అది అచ్చయిన రోజు పేపరు చంకలో పెట్టుకుని బస్సు కోసం బయల్దేరుతుంటే, అత్త వాకిట్లోంచే బండి ఎక్కి, “కూసో అల్లుడా, బస్టాండుల దింపుత,” అంది. కూర్చున్నాను. రెండు చేతులతో వెనక కడ్డీ పట్టుకున్నాను. కొంచెం దూరం పోయాక ఆగలేక, “ఛార్జింగ్ ఎంతుందత్తా?” అని అడిగాను.

“బస్టాండు దాంక ఉంటది,” అంది ఆమె వెనక్కి తిరక్కుండా. “నువ్వు పోయేది ఆడికే గద.”

ఇప్పుడు నా వయసు వాళ్లు ఇలాంటి బండ్ల గురించి గంటలు గంటలు వాదిస్తుంటే వింటూ ఉంటాను. అప్పుడప్పుడు అత్త వెనక సీటు మీద బిక్కచచ్చి కూర్చున్న ఆ కుర్ర విలేకరి కళ్ల ముందుకు వస్తాడు. చంకలో పేపరు జారిపోతున్నా కడ్డీ వదలడు. వాడికేమీ చెప్పాలనిపించదు. బస్టాండులో దిగేదాకా అలా కూర్చోనిస్తాను.