మన కంపెనీకి ఒక లారీ ప్లాస్టిక్

ఆ రోజుల్లో నా కుడికాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే బల్ల కింద ఊగేది, నిలబడితే చెప్పుతో నేల మీద తాళం వేసేది. మా అత్తయ్య (నాన్నగారి అక్క, ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు) చూసినప్పుడల్లా మోకాలి మీద ఒక్కటి వేసి ఆపేది. ఆమె చెయ్యి తీయగానే మళ్ళీ మొదలు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపులో బిల్లులు రాసేవాణ్ణి. చేతులు షాపులో ఉండేవి గానీ మనసంతా బెంజ్ సర్కిల్ దగ్గర రెండో అంతస్తులో ఉన్న షేర్ల ఆఫీసులో ఉండేది. మధ్యాహ్నం భోజనానికి అరగంట టైమిచ్చేవారు. క్యారేజీ మూత తీయకుండానే సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి పరుగున పోయేవాణ్ణి. ఆ ఏడాదంతా నేను సాయంత్రం ఐదింటికి చల్లారిన అన్నమే తిన్నాను. పెద్ద వ్యాపారస్తులు ఇలాగే తింటారని నా నమ్మకం.

ఆ ఆఫీసులో ఫోను చెవికి ఆనించుకుని, ధరలు అరుస్తూ బోర్డు మీద రాసే పెద్దమనిషిని మేము జోస్యం గారు అనుకునేవాళ్ళం. ఏ షేరు గురించి అడిగినా వచ్చే నెల చూడండి అనేవారు. ఒకరోజు ఆయన బల్ల మీద టానిక్ సీసా ఒకటి వెలిసింది. అందులో పల్చటి టీ రంగులో ఏదో నూనె. మూత తీసి ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టి, "ఇది మొన్నటిదాకా పాల కవర్లండీ" అన్నారు. మైలవరం దగ్గర ఒక చిన్న కంపెనీ పారేసిన ప్లాస్టిక్‌ని కరిగించి డీజిల్ తీస్తోందట. ఇంకా ఎవరికీ తెలియదట. (ఆ మాట ఆయన మా ఇరవై మందికీ ఒకేసారి చెప్పారు.) ఆ సాయంత్రం ఇంటికి పోతూ బందరు కాలవ వంతెన మీద సైకిల్ ఆపాను. రోజూ ముక్కు మూసుకుని దాటే కాలవే. అందులో కవర్లు గుట్టలుగా తేలుతున్నాయి. నాకు మాత్రం పీపాలకి పీపాలు డీజిల్ కనిపించింది. మర్నాడే ఉన్నదంతా పెట్టి వంద షేర్లు కొన్నాను.

కొన్న దగ్గర్నుంచీ ధర పెరుగుతూనే ఉంది, నా కాలు వేగమూ దాంతోపాటే పెరిగింది. షాపులో క్లచ్ ప్లేటు కోసం వచ్చిన డ్రైవర్లకి కూడా, ఇంకో రెండేళ్ళలో మీ లారీలు పగిలిన బక్కెట్ల మీద నడుస్తాయని చెప్పేవాణ్ణి. వాళ్ళు క్లచ్ ప్లేటు తీసుకుని వెళ్ళిపోయేవారు. చెప్పడానికి ఇంకా మనుషులు కావాలనిపించి, ఒక ఆదివారం జోస్యం గారి సీసా అరువు అడిగి తీసుకుని, కంకిపాడు అవతల అత్తయ్య ఉండే మా ఊరెళ్ళాను.

ఇక్కడ గంట సంగతి చెప్పాలి. మా ఊరి గుడికి (చర్చిని మేం గుడి అనే అంటాం) గంట లేదు. వేపచెట్టుకి రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి, ఇనప బోల్టుతో కొట్టేవారు. కాలవ అవతల కేథలిక్కుల గుడికి మాత్రం నిజమైన కంచుగంట ఉంది. అది మోగితే మా పాస్టరు గారి ప్రార్థన మధ్యలో ఆగిపోయేది. ఈ అవమానం భరించలేక మా స్త్రీల సమాజం వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా పిడికెడు బియ్యం పట్టారు. అంటే ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు, ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తారు, ఆ బియ్యం అమ్మిన సొమ్ము గంటకి. వాళ్ళలో చాలామంది నాట్లకీ కలుపుకీ వెళ్ళేవాళ్ళు. తమ కంచంలోంచి తీసిన పిడికెళ్ళు అవి. ఆ సొమ్ము దాచేది మా అత్తయ్య. గంటకి ఇంకా సగమే పోగయింది.

ఆరాధన అయ్యాక ఆ ఆడవాళ్ళందరి ముందూ నిలబడి నేను చేసిన ప్రసంగం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. సీసా చేతులు మారింది, అందరూ వాసన చూశారు, ఒకామె తుమ్మింది. సగం గంట ఆరు నెలల్లో పూర్తి గంట అవుతుందన్నాను. అత్తయ్య ఒకే ప్రశ్న వేసింది. అంత ప్లాస్టిక్ ఎవరు తెచ్చిస్తారురా అని. ప్లాస్టిక్‌కేం కొదవ అత్తా అని నవ్వేశాను. నా నవ్వుకి అందరూ నవ్వారు. ప్రార్థన చేశారు, చేతులెత్తారు, తీర్మానం రాశారు. పిడికెడు బియ్యం సొమ్మంతా అత్తయ్య పేరు మీద షేర్లయి కూర్చుంది.

తరవాత జరిగింది నేను ఊహించలేదు. షేరంటే వాటా అని చెప్పింది నేనే. వాళ్ళకి తెలిసిన వాటా పొలంలో వాటా. పొలంలో వాటా ఉన్నవాళ్ళు గట్టు మీద కూర్చోరు, కలుపు తీస్తారు, నీళ్ళు కడతారు. అందుకని మరుసటి ఆదివారం బియ్యం డబ్బాతో పాటు ఒక్కొక్కరూ ఒక ప్లాస్టిక్ మూట కూడా మోసుకొచ్చారు. పగిలిన మగ్గులు, చిల్లు బిందెలు, తెగిన చెప్పులు, ఎరువుల సంచులు, కాళ్ళు విరిగిన కుర్చీలు. వద్దని చెప్పబోతే మన కంపెనీకే కదా బాబూ అన్నారు. ఆరువారాల్లో గుడి వెనక గోడంత గుట్ట లేచింది. ప్లాస్టిక్‌కి బదులు ఉల్లిపాయలిచ్చే పాత సామాన్లవాడు వీధి వీధీ తిరిగి, ఊళ్ళో ఒక్క చీపురు కట్ట ప్లాస్టిక్ పిడి కూడా దొరక్క, ఈ ఊరికేమయిందని అడిగి వెళ్ళాడట. అత్తయ్య నాకు కార్డు రాసింది: సరుకు సిద్ధంగా ఉంది, లారీ మాట్లాడు.

ఆటోనగర్‌లో పని చేసేవాడికి లారీ దొరకదా. ఒక శుక్రవారం సెలవు పెట్టి మినీ లారీ మాట్లాడుకుని వెళ్ళాను. మూటల మీద నలుగురు ఆడవాళ్ళు ఎక్కారు, ముందు సీట్లో డ్రైవరు పక్కన అత్తయ్య, ఆమె పక్కన నేను, నా కాలు. దారిలో మూడుసార్లు లారీ ఆపించాను, ఎస్టీడీ బూత్ కనపడ్డ చోటల్లా. మూడుసార్లూ జోస్యం గారు పెరిగిందనే చెప్పారు. నేను ఆ మాట పైకి చెబితే మూటల మీంచి స్తోత్రం అన్నారు. మూడోసారి డ్రైవరు కూడా స్తోత్రం అన్నాడు.

మైలవరం దాటాక మట్టిరోడ్డులో కొంత దూరం పోతే మన కంపెనీ వచ్చింది. గేటుంది, గేటు మీద బోర్డుంది. లోపల రేకుల షెడ్డూ, పొడుగాటి పొయ్యిగొట్టమూ, ఒక పెద్ద ఇనప పీపా కూడా ఉన్నాయి. ఆ పీపా చుట్టూ తాడు కట్టి ఎవరో లుంగీలూ బనీన్లూ ఆరేశారు. వాచ్‌మన్ ఒకాయన షెడ్డులో కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకుంటున్నాడు. మమ్మల్నీ లారీనీ చూసి, ఏ ఊరు వెళ్ళాలండీ అని అడిగాడు. దారి తప్పినవాళ్ళం అనుకున్నాడు. మేం వాటాదారులమని, సరుకు తెచ్చామని అత్తయ్య చెప్పింది. ఆయన లారీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఇంతవరకూ ఇక్కడికి ప్లాస్టిక్ తెచ్చినోళ్ళు లేరమ్మా. మీరే మొదలు" అన్నాడు.

మరి ఆ సీసాలో నూనె ఎక్కడిదని నేను అడిగాను. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ప్రారంభోత్సవం నాడు ఒకసారి పొయ్యి వెలిగించారట. ఒక బస్తా కవర్లు వేసి, రెండు బండ్ల కట్టెలు కాలిస్తే, బిందెడు నూనె దిగిందట. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక సీసా పోసి పంపారట. మళ్ళీ వెలిగించలేదు. కట్టెల ఖర్చు నూనె కంటే ఎక్కువైందని ఇంజినీరు వెళ్ళిపోయాడు. తనకి మూడు నెలలుగా జీతం లేదు. స్టవ్వులోకి కిరసనాయిలు కూడా తానే కొనుక్కుంటున్నాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన మా మూటల వంక కొంచెం ఆశగా చూశాడు. అందులోంచి ఒక కుర్చీ అడిగాడు. దాని మూడు కాళ్ళూ బాగానే ఉన్నాయన్నాడు. అత్తయ్య ఇచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో మూటల మీంచి ఎవరూ స్తోత్రం అనలేదు. మైలవరం సెంటర్లో లారీ ఆపించి బూత్‌లోకి పరిగెత్తాను. పొద్దుటి కంటే ఇంకా పెరిగింది! నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ ఆలోచించలేదు. మనం చూసింది ఇంకా ఎవరూ చూడలేదు, సోమవారం పొద్దున్నే అన్నీ అమ్మేద్దాం, గంటకి గంటా వస్తుంది, దాన్ని కట్టడానికి గోపురం కూడా వస్తుంది అని అత్తయ్యకి ఊపిరాడకుండా చెప్పాను. ఆమె రోడ్డు చూస్తూనే విన్నది.

"ఎవరికి అమ్ముతావురా?" అంది.

"ఎవరో ఒకరు కొంటారు అత్తా. బొంబాయిలోనో ఎక్కడో. మనకి తెలియనే తెలియదు."

"వాళ్ళు కూడా ఏ గంట కోసమో కొంటారేమోరా."

నాకు ఒళ్ళు మండింది. ఉన్న విషయం చెప్పాలంటే, ఆ నిమిషాన నాకు అత్తయ్య అంటే అసహ్యం పుట్టింది. ఆడవాళ్ళ నోటి దగ్గర కూడు నువ్వే కాలదన్నుతున్నావని అన్నాను. అనకూడని మాటే, అన్నాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. గొల్లపూడి దాకా తీయలేదు. ఆటోనగర్ రాగానే మాత్రం పాత ప్లాస్టిక్ కొనే కొట్టు ముందు లారీ ఆపించింది. కొట్టువాడు మూటలన్నీ తూచి, బాడుగ పోను కొంచెం మిగిలేటట్టు డబ్బిచ్చాడు. ఆ డబ్బు రుమాల్లో ముడి వేసి, మూటలు దిగిపోయి ఖాళీ అయిన లారీలో మిగిలిన నలుగురికీ చూపించి, ప్లాస్టిక్‌లో డబ్బుంది, ఆ కంపెనీలోనే లేదు, అని పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆదివారం గుడిలో నిలబడి జరిగిందంతా దాచకుండా చెప్పి, తప్పు నాది అంది. నేను వెనక బెంచీలో తల వంచుకుని ఉన్నాను. తప్పు నాదని లేచి చెప్పడానికి నా కాలు, ఎప్పుడూ ఊరుకోని కాలు, ఆ ఒక్కరోజూ కదల్లేదు. కొందరు ఏడ్చారు. ఎక్కువమంది షేర్లు అమ్మొద్దనే చేతులెత్తారు, ఎత్తనివాళ్ళూ ఉన్నారు. ఎత్తనివాళ్ళలో ఇద్దరు అత్తయ్యతో చాలాకాలం మాట్లాడలేదు.

సోమవారం భోజనం వేళ నేను బెంజ్ సర్కిల్ వెళ్ళి నా వంద షేర్లూ అమ్మేశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో షేర్లంటే కాగితాలే కాబట్టి, దాంతోపాటు ఒక ఫారం మీద సంతకం పెట్టివ్వాలి. అమ్మేవాడి పేరు పైన, కొనేవాడి పేరు కింద. కింద గీత ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంటుంది, తరవాత ఎవరో నింపుకుంటారు, మీరు పెట్టండి అన్నారు జోస్యం గారు. పెట్టాను. ఆ తరవాత ఇంకో రెండు వారాలు ధర పెరిగింది (అప్పుడు తొందరపడ్డానని ఏడ్చాను, మనిషి బుద్ధి చూడండి). ఆపైన ఒక్క నెలలో అడుగంటి, బోర్డు మీంచి ఆ పేరే చెరిగిపోయింది. నా డబ్బుతో మోపెడ్ కొన్నాను. అత్తయ్యకి మాత్రం వాయిదాల మీద తీసుకున్నానని చెప్పాను.

స్త్రీల సమాజం వాళ్ళు మాత్రం ప్లాస్టిక్ మానలేదు. అలవాటైపోయింది. పిడికెడు బియ్యంతో పాటు ఆదివారం ఆదివారం మూట రావడం, నెలకోసారి ఆటోనగర్ చేరడం. అలా నాలుగేళ్ళు పట్టింది గానీ గంట వచ్చింది. కాలవ అవతలి దానికంటే రవ్వంత పెద్దదే చూసి మరీ తెచ్చారు.

ఆ గంట కట్టిన రోజు సాయంత్రం, మోపెడ్ కూడా పాతబడిపోయాక, నేను అత్తయ్యకి నిజం చెప్పాను. అన్నేళ్ళ బరువు దించుకుంటున్నట్టు గొంతు సవరించుకుని మరీ చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"తెలుసురా. ఆ నెల్లో ఒక ఆదివారం చందా సంచిలో పెద్దనోటు నాలుగు మడతలు పెట్టి వేశావు. లెక్క చూసేది నేనే కదా."

"మరి ఒక్కసారన్నా అడగలేదే అత్తా?"

"అడిగితే సిగ్గుపడి తిరిగి తీసుకుంటావేమోనని. గంటకి కావాలి కదరా."

ఇప్పుడు నా కాలు ఊగదు, మోకాలు నొప్పి. ఊరెళ్ళినప్పుడు ఆ గంట వింటాను, బాగా మోగుతుంది, అందులో నా నోటు కూడా ఎక్కడో ఉంది. వింటుంటే మాత్రం గంట కంటే ముందు ఆ ఫారం కింద ఖాళీ గీత గుర్తుకొస్తుంది. అక్కడ ఎవరి పేరు రాశారో, ఆ మనిషి ఏం కొందామనుకున్నాడో నాకు ఎప్పటికీ తెలియదు. హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని బెంజ్ సర్కిల్ వైపు సైకిల్ తొక్కుతున్న ఆ కుర్రాణ్ణి ఒక్క నిమిషం ఆపి, ఎవరికి అమ్ముతున్నావురా అని అడగాలనిపిస్తుంది. అడిగినా ఆగడని తెలుసు. భోజనానికి ఇచ్చింది అరగంటే కదా.