రెండో మనిషి పట్టుకునే చోటు

మా వీధిలో చేపలమ్మే నూకరత్నం గారికి ఈ రోజు పొద్దున్న నెత్తిన మోసే గంపకి బదులుగా నేను డిజైన్ చేసిన పెట్టె ఇచ్చాను. ఐసు కరగకుండా, చేపల నీళ్లు మెడ మీద కారకుండా ఉండాలని ఆరు నెలలు కష్టపడ్డాను. మొదట్లో ఆవిడనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎంత బరువు మోస్తారో, ఎంత దూరం నడుస్తారో అడిగి రాసుకున్నాను కూడా.

ఆవిడ చేపలు సర్ది, మూత పెట్టి, పెట్టె చుట్టూ తడిమి చూసి ఆగిపోయారు.

"బాగుందండి. మరి రెండో మనిషి ఎక్కడ పట్టుకోవాలండి?"

"రెండో మనిషి ఎందుకండి?"

"నిండు గంప ఒక్కదాన్నే నెత్తికెత్తుకోలేను కదండి. ఏ ఇంటి ముందు దించితే ఆ ఇంట్లోవాళ్లే ఓ చెయ్యేస్తారు. గంపకైతే అంచుంటది. ఇది జారిపోతందండి."

కడగడం సులువని పట్టుబట్టి నున్నగా చేయించింది నేనే.

"ఆ రోజు చెప్పలేదేమండి?" అన్నాను, తప్పు ఆవిడ మీదికి తోసేస్తూ.

"మీకు తెలుసనుకున్నానండి. రోజూ మీ గుమ్మం ముందే దించుతాను కదా. మీ అమ్మగారు నడుం పట్టుకుని వచ్చి ఎత్తుతారు" అన్నారు, ఎత్తిపొడుపేమీ లేకుండా.

ఆ సమయంలో నేను లోపల గదిలో కూర్చుని ఈ పెట్టె బొమ్మే గీస్తూ ఉండేవాణ్ణి.

పెట్టె వెనక్కి తీసుకున్నాను. పాత గంపకి ఇవాళ మొదటిసారి చెయ్యి వేశాను. చాలా బరువుగా ఉంది. మీ ఇంటి ముందు గంప ఎత్తేది ఎవరో మీకైనా తెలుసా?