మా ఇంట్లో చేపల చదువు

తిరుత్తణి బజారు వీధిలో మాది సరుకుల అంగడి. పప్పులు, చింతపండు, బెల్లం, టెంకాయలు, ఊదువత్తులు అన్నీ దొరుకుతాయి. గుడ్లు మాత్రం దొరకవు. అడిగినవాళ్ళకు నాయన ఎదురంగడి చూపిస్తాడు. తాత కాలం నుంచీ అంతే. ఇంట్లో మేం మాట్లాడుకునేది, తిట్టుకునేది తెలుగులో. చదువుకున్నది తమిళంలో. నేను మెకానికల్ డిప్లొమా చేసి, తిరువళ్ళూరు దగ్గర ఒక కంపెనీలో విడిభాగాల కొలతలు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. కొలత తెలియని వస్తువును చేతిలో పట్టుకోవడం నాకు చేతకాదు. అందుకే చెల్లెలు ప్లస్ టూ ముగించినప్పుడు, పైన ఏం చదవాలో, ఎక్కడ చదవాలో తేల్చే పని నాకు అప్పజెప్పారు.

తనది బయాలజీ గ్రూపు. వైద్యానికి చాలినన్ని మార్కులు రాలేదు. ఇంజనీరింగు తను వద్దంది. నర్సింగు అవ్వ వద్దంది. మిగిలినవాటికి లాప్‌టాప్‌లో ఒక పట్టిక తయారుచేశాను. నిలువునా చదువుల పేర్లు: వ్యవసాయం, ఉద్యానశాస్త్రం, ఫార్మసీ, బీఎస్సీ జువాలజీ. అడ్డంగా ఇంటికి దూరం, రైలు సౌకర్యం, ఫీజు, హాస్టలు, తరవాత దొరికే ఉద్యోగం. ఒక్కో గడికి పది మార్కులు. అన్నిటికన్నా కింద మత్స్యశాస్త్రం. అది చెల్లెలు చేర్చమంటే చేర్చాను. వ్యవసాయానికీ దానికీ ఒకటే దరఖాస్తు కాబట్టి, ఎంపికలు తక్కువైతే సీటు రాదేమోనని అడిగిందనుకున్నాను.

పట్టికను తను చాలాసేపు చూసింది.

"దూరానికి పది మార్కులు ఎందుకన్నా?"

"పొయ్యి రావాల గదా."

"హాస్టల్లో ఉండేదానికి రోజూ పొయ్యొచ్చేది యాడుంది?"

మాట సరైనదే. దూరానికి ఐదు చేశాను. మత్స్యశాస్త్రం ఒక మెట్టు పైకెక్కింది. అది చూసి తను లేచి వెళ్ళిపోయింది.

తనకు చేపలు కొత్త కాదు. ఒకసారి దోమలు ఎక్కువైనప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు మా పెరటి తొట్టిలో గప్పీలనే చిన్న చేపలు వదిలి వెళ్ళారు. వాటిలో కొన్నిటిని చెల్లెలు అంగట్లో ఖాళీ అయిన గాజు జాడీలో వేసుకుంది. కొళాయి నీళ్ళు మార్చిన ప్రతిసారీ రెండు మూడు చచ్చేవి. నీళ్ళను వెడల్పు గిన్నెలో ఒక రోజు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుందని తనే తెలుసుకుంది. తరవాత జాడీలో చావులు ఆగాయి, పిల్లలు పుట్టాయి. అవ్వ కూడా దారిన పోతూ చిటికెడు బియ్యప్పిండి చల్లేది. చేపను పెంచడానికి మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. కోయడమే వేరే సంగతి.

కౌన్సెలింగు ఫలితంలో వ్యవసాయం రాలేదు. పొన్నేరిలో మత్స్యశాస్త్రం వచ్చింది. గడువులోపల ఒప్పుకుంటున్నట్టు నొక్కకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఫోను తీసుకొచ్చి నా పక్కన నిలబడింది.

"నేను మొదుట్నుంచీ అడగాలనుకునింది ఇదే. మీరంతా ఏమంటారో అని చెప్పలేదు."

సీటు వదులుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఊళ్ళో బీఎస్సీ చదువుతుంది, సాయంత్రాలు అంగట్లో బిల్లులు వేస్తుంది. అదేమీ చెడ్డ బతుకు కాదు. నా పట్టికలో దానికే ఎక్కువ మార్కులు. అయినా ఆ రోజు తన ముఖం చూశాక, మార్కులు వేసేముందు తనను ఏమీ అడగలేదన్న సంగతి నాకు తట్టింది.

మాట ఇంట్లో పడింది. బట్టల అంగడి బావ, మా మేనమామ కొడుకు, అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"మంచిదే గదా మామా. పాప చదువు అయిపోతానే నువ్వు కందిపప్పు పక్కన కరువాడు మూట గూడా పెట్టుకోవచ్చు."

కరువాడంటే ఎండుచేప. ఎవరూ నవ్వలేదు. బావ కాఫీ తాగి త్వరగా వెళ్ళిపోయాడు.

"నీళ్ళలో తిరిగేదాన్ని బయటికి తీసి కోసే చదువు మనకెందుకు నాయనా?" అంది అవ్వ.

నాయన నా వైపు తిరిగాడు. "ఆ చదువులో ఏం నేర్పిస్తారు?"

పాఠాల జాబితా చదివాను. పెంపకం, నీటి పరీక్ష, జబ్బులు, వలలు, శుద్ధి చేసి నిలవపెట్టడం. చివరిది విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పొయ్యి చూసొస్తాం. సరుకు చూడకుండా వద్దనేది యాపారం గాదు," అన్నాడు.

నాయన, చెల్లెలు, నేను ముగ్గురం తిరువళ్ళూరు వరకు రైల్లో, అక్కడి నుంచి బస్సుల్లో పొన్నేరి చేరాం. కాలేజీ ఆవరణలో చెరువులు, వాటి గట్ల మీద పిల్లలు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఆడపిల్లలు నీళ్ళలో దిగి సీసాలు నింపుతున్నారు. చెల్లెలు గట్టు మీద నుంచి కదల్లేదు. నాయన హాస్టల్లో శాకాహారం విడిగా వండుతారా అని రెండు చోట్ల అడిగాడు. వండుతారన్నారు. ఇంక తిరిగి పోదామనుకుంటుంటే, "రేవు గూడా చూస్తాం" అన్నాడు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడుకు బస్సెక్కాం.

రేవులో పడవలు అప్పుడే వచ్చి ఉన్నాయి. ఆ వాసన నేను చెప్పలేను. మా ముగ్గురిలో ఎవరమూ అంత దగ్గరగా పోయినవాళ్ళం కాదు. ఒక పెద్దావిడ రొయ్యలను కుప్పలు కుప్పలుగా వేరుచేస్తోంది. నాయన తమిళంలో అడిగాడు, ఇన్ని కుప్పలు ఎందుకమ్మా అని. కిలోకు ముప్పై తూగేవి ఒక రేటు, యాభై తూగేవి ఇంకో రేటు అందామె.

"మన ముందిరిపప్పు మాదిరే," అన్నాడు నాయన నాతో. జీడిపప్పుకీ అంతే, పలుకుల లెక్కను బట్టే ధర. ఆయన ముఖం కాస్త తేలికపడింది. సరిగ్గా అప్పుడే చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరిగెత్తింది.

బోర్లించిన పడవ చాటున వాంతి చేసుకుంది. పొద్దున తిన్న ఇడ్లీలన్నీ పోయాయి. నాయన నీళ్ళ సీసా ఇచ్చాడు. ఈ ప్రయాణం ఇంతటితో ముగిసిందనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం నెమ్మది కూడా కలిగింది. తను నోరు కడుక్కుంది, చున్నీ కొంగుతో ముక్కు మూసుకుంది, ఆ పెద్దావిడ దగ్గరికే తిరిగి వెళ్ళి కూర్చుంది. ఒక రొయ్యను చేతిలోకి తీసుకుని ఏదో అడిగింది. ఆమె రొయ్య తల పక్కన నల్లబడిన చోటు చూపించి, నిలవ ఉంటే మొదట ఇక్కడే నల్లబడుతుందని చెప్పింది. కాసేపటికి చున్నీ ముక్కు మీద నుంచి జారిపోయింది. మళ్ళీ కప్పుకోలేదు.

నాయన అక్కడే నిలబడి చూశాడు.

మరునాడు సాయంత్రం గడువు. అంగడిని బావకు అప్పగించి నాయన ఇంటికి వచ్చాడు. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది.

"వాంతి చేసుకునిందమ్మా," అన్నాడు అవ్వతో. "ఐనా తిరిగి పొయ్యి కూచునింది."

అవ్వ చెల్లెల్ని పిలిచింది.

"తింటావా?"

"తినను అవ్వా."

"కోస్తావా?"

అబద్ధం చెప్పే వీలున్న చోటు అది.

"కోస్తాను."

అవ్వ చేట పక్కకు పెట్టింది. ముఖంలో ఒప్పుకోలు లేదు. "కోసి వచ్చిన దినం తలకు పోసుకోని లోపలికి రా. మడి మడే."

"పొన్నేరిలో పోసుకుంటే ఈడికొచ్చేలోపల ఆరిపోతాది. ఇంటికొచ్చి పెరట్లో పోసుకుంటాలే."

"అట్లనే చెయ్యి," అంది అవ్వ. మళ్ళీ చేట అందుకుంది.

నేను లాప్‌టాప్ తెరిచి నాయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చెల్లెలి వైపు తిప్పాడు. "నీ సీటు. నువ్వే నొక్కు."

తను నొక్కింది. ఒప్పుకున్నట్టు తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఇంట్లోవాళ్ళకు సంతోషమని చెప్పలేను, బాధ అని కూడా చెప్పలేను. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి తననే చూస్తోంది.

నాయన చొక్కా తొడుక్కున్నాడు, అంగడికి పోవడానికి. చెప్పులేసుకుంటూ చెల్లెల్ని అడిగాడు.

"ఆ రబ్బరు బూట్లు వాళ్ళే ఇస్తారా, మనమే కొనాల్నా?"

"మనమే అనుకుంటా నాయనా."

"యాడ దొరుకుతాయో తెలీదే," అన్నాడు. "కాలు కొలత ఒక కాగితంలో గీసి ఇయ్యి. అరక్కోణంలో అడిగి చూస్తా."