తారుకూ నల్లరేగడికీ ఒకే టైరు

దీనమ్మ బండి వెనక టైరు అరిగిపోయిందని ఆమె కంటే ముందు వాడకట్టంతా కనిపెట్టింది. ఆదివారం చర్చి నుంచి బయటికొస్తుంటే ఒకాయన వంగి టైరును గోటితో గీకి చూశాడు. పాల ప్యాకెట్ల దుకాణం ముందు ఇంకొకాయన బూటుతో తన్ని చూశాడు. చూసిన ప్రతివాళ్ళూ ఒక సలహా ఇచ్చారు. ఇచ్చిన సలహాలన్నీ ఆమె భర్త సుందర్ రావుకే. బండి నడిపేది మాత్రం దీనమ్మ.

ఆమె ఏఎన్ఎం. పల్లెల్లో తిరిగి పసిపిల్లలకు టీకాలు వేయడం ఆమె ఉద్యోగం. మొదట్లో ఆటోలో పోయేది. ఆటో రోడ్డు మీద దింపితే అక్కడి నుంచి నడక. తర్వాత స్కూటీ కొనుక్కుంటే దాని చిన్న చక్రాలు వానాకాలం మట్టిలో కూరుకుపోయేవి. సుందర్ రావు పనిచేసే రైల్వే షెడ్డు కాజీపేటలో ఇంటికి దగ్గరే కాబట్టి, ఒకరోజు ఆయన మోటార్ సైకిల్ తాళాలు తీసుకుని తానే నేర్చుకుంది. పంజాబీ డ్రెస్సు మీద తెల్లకోటు వేసుకుని, వెనక టీకాల డబ్బా కట్టుకుని పోతుంటే మొదట్లో నవ్విన వాళ్ళు తర్వాత అలవాటు పడ్డారు.

ఆమె పోయే దారే అసలు చిక్కు. మడికొండ దాటేదాకా లారీలూ బస్సులూ ఉరికే నున్నటి తారు. ఎడమకు తిరిగాక కాస్త మొరం, ఆ తర్వాత పత్తిచేల మధ్య ఉత్త నల్లరేగడి. ఎండాకాలం ఆ మట్టి రాయిలా ఉంటుంది. వాన పడితే రుబ్బిన మినప్పిండి.

మొదటిసారి హనుమకొండలో రమాకాంత్ టైర్ల దుకాణానికి భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్ళారు. రమాకాంత్ కుర్చీ వేసింది సుందర్ రావుకు. రోజూ ఎటు పోతారని అడిగిందీ ఆయన్నే. ఆయన, అడిగారు కదా అని, షెడ్డుకు పోతానని నిజం చెప్పాడు. అట్లయితే రోడ్డు టైరు చాలునన్నాడు రమాకాంత్. బండి నడిపేది నేను అని దీనమ్మ పక్కనుంచి అంటే, మేడంకు కూడా మెత్తగా ఉంటుందని మళ్ళీ సుందర్ రావుకే చెప్పాడు. ఆమెను ఇంకో మాట అననివ్వకుండా టైరు ఎక్కించేశారు. మొదటి వానకే ఆ టైరు మట్టిలో వెనక చక్రాన్ని ఒక దిక్కుకు, దీనమ్మను ఒక దిక్కుకు లాక్కుపోయింది.

అప్పుడు ఆమె అక్క కొడుకు సందీప్ రంగంలోకి దిగాడు. అతనికి బండి లేదు, ఫోన్‌లో కొండలెక్కే బండ్ల వీడియోలు చూసే అలవాటుంది. మట్టిని పట్టి లాగే గుబ్బల టైరు వేయించాల్సిందేనని పట్టుబట్టాడు. సుందర్ రావుకు ఆ మాట నచ్చింది, దీనమ్మకు వాదించే ఓపిక లేదు. గుబ్బల టైరు వచ్చింది. తారు మీద అది పిండిమరలా మోత మోగేది. ఆమె టీకాలకు పోయే ఊరు గుండ్లకుంటలో ఆమెతో పనిచేసే ఆశా కార్యకర్త మొగిలమ్మ, నువ్వొస్తున్న సంగతి ఊరి బయటినుంచే తెలుస్తున్నదని నవ్వేది. దీనమ్మకు నవ్వు రాలేదు. తడిసిన తారు మీద బ్రేకు వేస్తే ఆ గుబ్బలు పట్టుకోక, ఒక పొద్దున ముందున్న బస్సుకు జానెడు దూరంలో ఆగింది.

ఆ మరుసటి బుధవారం టీకాల రోజు. రాత్రంతా వాన పడింది. రేగడిలో దిగాక గుబ్బల టైరు బాగానే లాగింది. ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చిందని దీనమ్మ అనుకుంటుండగానే ముందు చక్రం తిరగడం మానేసింది. బండి మెల్లగా, ఏమీ తొందర లేనట్టు, పక్కకు ఒరిగింది. ఆమె పత్తిచేను గట్టు మీద కూర్చున్నట్టుగా పడింది. డబ్బా తాళ్ళు ఊడలేదు, మూత తెరుచుకోలేదు. అది చూసుకున్నాకే మోకాలు మంట తెలిసింది.

బండి లేపి నెట్టింది. కదల్లేదు. వంగి చూస్తే ముందు టైరుకూ దాని మీది మడ్‌గార్డుకూ మధ్య మట్టి ఇటుకలా బిగుసుకుని ఉంది. పత్తికట్టెతో పొడిచి పొడిచి తీసింది. పదడుగులు పోగానే మళ్ళీ నిండింది. ఇన్ని రోజులు ఇంతమంది వెనక టైరును గీకారు, తన్నారు, మార్పించారు. ముందు చక్రం వైపు ఒక్కరూ చూడలేదు. తానూ చూడలేదు. కోపంతో ఆ కట్టెను చేనులోకి విసిరేసి, మళ్ళీ అది కావాలి కాబట్టి వెళ్ళి తెచ్చుకుంది.

ఫోన్ చేస్తే మొగిలమ్మ చెప్పులు చేత పట్టుకుని వచ్చింది.

"ఏమైందక్కా, పడ్డవా?"

"నేను పడలే. సలహాలు చెప్పినోళ్ళంత కల్సి పడగొట్టిండ్రు."

బండిని గట్టున వదిలి, డబ్బాను చెరొక పక్క పట్టుకుని నడిచారు. అంగన్‌వాడీలో తల్లులు ఇంకా కూర్చునే ఉన్నారు. పద్మ అనే అమ్మాయి మాత్రం కూలికి టైమైందని పాపను చంకనేసుకుని గడప దాటుతోంది. ఆ పాపకు పోయిన నెల టీకా తప్పిపోయింది. దీనమ్మను మట్టి కోటుతో చూసి పద్మ వెనక్కి తిరిగి, బిందె తెచ్చి ఆమె చేతుల మీద నీళ్ళు పోసింది. మొదటి టీకా ఆ పాపకే పడింది.

మట్టి తీసి తెచ్చుకున్న బండి మీద మర్నాడు దీనమ్మ రమాకాంత్ దుకాణానికి ఒక్కతే వెళ్ళింది. సార్ రాలేదా మేడం అని అడిగాడతను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సారు నడిసి డ్యూటీకి పోతాండు. బండి తోలేది నేను. నేను పోయే తొవ్వ ఎట్లుంటదో చెప్తా, జర ఇను."

తారు ఎంతదాకా, మొరం ఎక్కడ, రేగడి ఎట్లా పట్టుకుంటుంది, బస్సు వెనక ఏమైంది, అన్నీ చెప్పింది. రమాకాంత్ మధ్యలో అడ్డురాలేదు. విని, తల గోక్కుని అన్నాడు.

"రెండు దిక్కుల మంచిగ పట్టే టైరు లేదు మేడం. ఉన్నదని చెప్తే అబద్ధమైతది. ఏడ జర జారినా నడుస్తదో మీరే చెప్పుండ్రి."

ఇన్నాళ్ళలో ఆమెను ఎవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న అది. జవాబుకు ఆమె తడుముకోలేదు.

"బురదల జారితే దిగి నడుస్త. తారు మీద జారితే లారీ కిందికి పోత. తారు మీద గట్టిగ పట్టేది ఇయ్యి. బురదల నా తిప్పలు నేను పడ్త."

నడుమ దగ్గర దగ్గరగా, అంచుల్లో కాస్త ఎడంగా గాడులున్న టైరు తీశాడు. ముందు చక్రం మడ్‌గార్డును పైకి ఎత్తి బిగించమని పక్కనున్న మెకానిక్‌కు చెప్పింది. బండి షోకు పోతుందని అతను గొణిగాడు. బిగించేదాకా ఆమె అక్కడే నిలబడి, ఆ సందులో తన పిడికిలి దూర్చి చూసుకుంది.

తర్వాతి బుధవారం బండి ఊళ్ళోదాకా పోయింది. రెండుచోట్ల జారింది, ఒకచోట ఆమె దిగి నెట్టింది. కానీ ఎత్తైన మడ్‌గార్డు కింది నుంచి మట్టి ఎగిరి మొహం నుంచి మోకాళ్ళదాకా చిమ్మింది. సాయంత్రం ఇంటికి రాగానే సుందర్ రావు చూసి, కింద ఒక రబ్బరు ముక్క వేలాడదీస్తే సరిపోతుందని, దాని సంగతి సందీప్‌ను అడుగుతానని మొదలుపెట్టాడు. దీనమ్మ కోటు విప్పి ఆయన చేతిలో పెట్టి, బట్టల బ్రష్షూ సబ్బూ ఎక్కడున్నాయో చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.